మోత నాదము కాదు

గిటారు వాయించువారి లోకములో ఒక సిద్ధాంతము ఎవరును ప్రశ్నింపని వేదవాక్యమువలె చెలామణి అగుచున్నది. వాల్వు యాంప్లిఫయరు గొంతెత్తి మ్రోగినప్పుడే దానికి ప్రాణము వచ్చుననియు, గోడలదరి, కిటికీ రెక్కలు గడగడలాడి, వాయించువాని ఱొమ్మునకు గాలి తాకినప్పుడే ఆ నాదము నిజమైనదనియు, స్పీకరు తీగ ఊడదీసి లోడ్‌బాక్సుకు తగిలించి, చెవులకు హెడ్‌ఫోనులు పెట్టుకొని, పక్కగదిలోనివారికి సయితము వినబడకుండ రికార్డు చేసికొనువాడు నాదమును విడిచి దాని నీడను పట్టుకొనుచున్నాడనియు ఆ సిద్ధాంతసారము. కరీంనగరములో వాద్యములమ్ము దుకాణములయొద్ద, చర్చి పాటల సాధనలలో, పెండ్లిండ్లకు పోవు ఆర్కెస్ట్రావారి సంభాషణలలో ఈ మాట పూర్వార్ధమును ముప్పదియేండ్లుగాను, ఉత్తరార్ధమును ఈ పదియేండ్లుగాను వినుచున్నాను. మొదట నేనును నమ్మితిని. ఇప్పుడు నమ్ముటలేదు. నమ్మకపోవుటయే కాదు, ఇది మన కరీంనగరము, ఆదిలాబాదు వైపు జిల్లాల పిల్లలకు కీడు చేయుచున్న అపసిద్ధాంతమని బాహాటముగా చెప్పవలసిన సమయము వచ్చినదని తలచి ఈ వ్యాసము వ్రాయుచున్నాను.

ఈ పరికరమును చూడనివారికొరకు ముందుగా రెండు మాటలు. వాల్వు యాంపులో చివరి వాల్వులకును స్పీకరునకును నడుమ ఒక ట్రాన్స్‌ఫార్మరు ఉండును. అది ఎల్లప్పుడును ఏదో ఒక భారమును మోయుచుండవలెను. స్పీకరు తగిలింపక వాయించినచో, పోవుటకు త్రోవ లేని శక్తి ట్రాన్స్‌ఫార్మరు చుట్లలో పెద్ద వోల్టేజియై ఎగసి, తీగలమీది పూతను ఛేదించి, నిప్పురవ్వలు రాల్చి యంత్రమును పాడుచేయవచ్చును. వాల్వు యంత్రములను బాగుచేసిన మెకానిక్కును అడిగినచో ఈ సంగతి మొదట చెప్పును. లోడ్‌బాక్సు స్పీకరు స్థానమున నిలిచి ఆ భారమును వహించును. గాలిని కదపవలసిన శక్తిని వేడిగా మార్చి వెదజల్లును. అందులోనుండి చిటికెడంత సంకేతమును తీసి రికార్డు చేయు యంత్రమునకు అందించును. యాంపు తన పని తాను ఎప్పటివలెనే చేయుచుండును. వీధికి మాత్రము వినబడదు.

ప్రతిపక్షుల తొలి పొరపాటు ఇక్కడనే ఉన్నది. వారు కారణమును, దానివెంట వచ్చు దానిని ఒకటిగా ఎంచినారు. యాంపు గొంతెత్తినప్పుడు నాదము చిక్కబడుట నిజమే, దానిని కాదనువారు లేరు. అయితే అది చిక్కబడినది చివరి వాల్వులు తమ శక్తి అంచుదాక పోయి తరంగశిఖరములను గుండ్రబరచి, మూలస్వరముతో కూడ కొత్త అనుస్వరములను పుట్టించుటవలన. గట్టిగా మీటినప్పుడు లోపలి విద్యుత్సరఫరా ఒక్క క్షణము కుంగి మరల లేచుటవలన. ట్రాన్స్‌ఫార్మరులోని ఇనుము తాను మోయగలిగినంతయు మోయుటవలన. ఇవన్నియు స్పీకరు తీగకు ఇవతల జరుగు కార్యములు. ఆ తీగ చివర ఉన్నది కాగితపు శంకువో, ఇనుపపెట్టెలోని తీగచుట్టయో, తగిన భారము లభించినంతవఱకు వాల్వులు తమ పనిని మానవు. పొయ్యిమీద అన్నము ఉడికినప్పుడు పొగ కూడ వచ్చును. అంతమాత్రమున పొగ అన్నమును ఉడికించినదనరాదు.

మన డప్పు కళాకారులను దగ్గరనుండి చూచినవారికి ఈ భేదము విప్పి చెప్పనక్కరలేదు. దరువు వేయుటకు ముందు వారు గడ్డిమంట వేసి డప్పును కాచుదురు. తోలు బిగిసి కణకణమనువఱకు త్రిప్పి త్రిప్పి సెగ చూపి, వ్రేలితో తట్టి, చెవి యొగ్గి విని, చాలకున్న మరల మంటకు పట్టుదురు. మెత్తబడిన తోలును ఇంకను బలముగా బాది నాదము రాబట్టుదమని ఏ డప్పుకారుడును యత్నింపడు, ఏలయన నాదము సాధనము యొక్క స్థితిలో ఉన్నదే కాని దెబ్బ బరువులో లేదని అతనికి తరతరాల అనుభవము చెప్పుచున్నది. వాల్వు యాంపునకును అట్టి స్థితి ఒకటి కలదు. లోడ్‌బాక్సు ఆ స్థితిని ఊరునకు ఉపద్రవము కాకుండ నిలుపునది.

"శబ్దము తగ్గవలెనన్న నాబు తగ్గించుకొమ్ము, ఇంత పెట్టె యెందులకు?" అని కొందఱందురు. నాబు తగ్గించినచో తగ్గునది మోత యొక్కటియే కాదు. చివరి వాల్వులకు అందు సంకేతమే సన్నగిల్లి, అవి నిద్రావస్థలోనే ఉండిపోవును, మొదటి వాల్వుల గరగర మాత్రము మిగులును. తాము కొనియాడు స్థితినే తమ సలహా నాశనము చేయుచున్నదని వారు గమనింపరు. మఱికొందఱు చిన్న యాంపు కొనుక్కొమ్మందురు. ఈ సలహాలో డెసిబెలు గణితము తెలియకపోవుట తేటపడుచున్నది. 100 వాట్ల యాంపునకు బదులు 50 వాట్లది తెచ్చినచో తగ్గునది 3 డెసిబెళ్లు మాత్రమే. మోత సగమైనట్లు చెవికి తోచుటకు వాట్లు పదోవంతు కావలెను. మంచి గిటారు స్పీకరు ఒక్క వాట్టు శక్తికే ఒక మీటరు దూరమున 97 మొదలు 100 డెసిబెళ్ల వఱకు మ్రోగును. అనగా ఆట వస్తువువంటి ఒక వాట్టు యాంపు కూడ, దాని వాల్వు నిండుగా పనిచేయునప్పుడు, రెండు పడకగదుల ఇంటిలో మోయరాని మోతయే. ఇల్లన్నచోట చిన్న యాంపు సమస్యకు పరిష్కారము కాదు.

ఇంతకును ఈ వాట్ల వ్యామోహము ఎట్లు పుట్టినది? నాదాన్వేషణలో పుట్టలేదు. 1962లో లండను నగరపు హాన్వెల్ ప్రాంతమున జిమ్ మార్షల్ తన వాద్యముల దుకాణములో యాంపులు చేయించుట మొదలిడిన నాటికి, సభాభవనములలో గానమును వాద్యమును జనమంతటికి వినిపించు లౌడుస్పీకరు వ్యవస్థలు మిక్కిలి బలహీనములు. గిటారు ధ్వని వెనుక వరుసకు చేరవలెనన్న గిటారు యాంపే మోయవలెను. 1965 ఆగస్టులో న్యూయార్కు షే స్టేడియములో బీటిల్స్ బృందము వాయించినప్పుడు వోక్స్ కంపెనీవారి 100 వాట్ల యాంపులు వెంట ఉన్నను, యాబదియైదువేల జనుల కేకలలో తమ వాద్యము తమకే వినబడని స్థితి యేర్పడెను. ద హూ బృందపు పీట్ టౌన్‌షెండ్ కోరికపై మార్షల్ యాంపులు 100 వాట్లకు ఎదిగినవి. 1976లో లండను చార్ల్‌టన్ మైదానమున ఆ బృందపు కచేరీ 126 డెసిబెళ్లతో గిన్నిస్ పుస్తకమునకు ఎక్కినది. చెవులకు హాని కలుగునని ఆ పుస్తకమువారు తరువాత ఆ పోటీనే మానుకొనిరి. టౌన్‌షెండ్ తన వినికిడి దెబ్బతిన్న సంగతిని బహిరంగముగనే చెప్పుకొనెను. మైదానములోని జనమునకై పుట్టిన అవసరమును కరీంనగరపు మంకమ్మతోటలోని పడకగదికి ధర్మశాస్త్రముగా విధించుట ఏమి న్యాయము?

రికార్డింగు చరిత్ర మఱియు విపరీతమైన సాక్ష్యము చెప్పును. గిటారు విద్వాంసుడు ఎరిక్ క్లాప్టన్ 1970లో మయామీ నగరమున రికార్డు చేసిన గిటారు నాదమును మన మోతవాదులు ఆదర్శముగా ఎత్తి చూపుదురు; అందులకు వాడినది ఫెండర్ చాంప్ అను అయిదు వాట్ల చిన్న యాంపు. 1976లో వెలువడిన బోస్టన్ బృందపు తొలి రికార్డును టామ్ షోల్జ్ అను ఇంజనీరు చాలవఱకు తన యింటి నేలమాళిగలో తయారుచేసెను. ఆయనయే తరువాత యాంపు శక్తిని మ్రింగివేయు 'పవర్ సోక్' అను పెట్టెను అమ్మకమునకు తెచ్చెను. ఇంటిలో పనిచేసినవాని చేతినుండి ఈ జాతి పరికరమొకటి వెలువడినదని గమనింపుడు. నేడు టూ నోట్స్, బాస్, యూనివర్సల్ ఆడియో మొదలగు కంపెనీలు చేయుచున్నవి ఆ మార్గమున వచ్చినవే.

ఇక చెవి సంగతి. 1933లో బెల్ ప్రయోగశాలలో ఫ్లెచర్, మన్సన్ అను శాస్త్రజ్ఞులు మానవ శ్రవణేంద్రియమును పరీక్షించి, శబ్దము తగ్గినకొలది మంద్రస్వరములును మిక్కిలి తారస్వరములును చెవికి ఎక్కువగా సన్నగిల్లుననియు, హెచ్చినకొలది అవి నిండుకొనుననియు నిర్ధారించిరి. గట్టిగా వినినది ఏదైనను నిండుగా వినబడుటకు ఇదియొక కారణము. అనగా మోతవాది తన యాంపులో ఉన్నదనుకొను ఐశ్వర్యములో కొంతభాగము అతని చెవిలో ఉన్నది. అది రికార్డులోనికి రాదు. ఎంత మోతతో వాయించినను, ఆ పాటను వినువాడు కరీంనగరము బస్సులో ఫోనుమీద వినును, లేదా వంటయింటి చిన్న స్పీకరులో వినును. తనకు తగిన శబ్దమునే తాను పెట్టుకొనును. రికార్డులో నిలుచునది స్వరూపమే, పరిమాణము నిలువదు. ప్రతిపక్షులు నాకు ఎన్నడును సమాధానము చెప్పని ప్రశ్న ఇదియే: రికార్డులో నిలువని మోతకై ఊరివారి నిద్రను ఎందులకు చెల్లించవలెను?

వారి ఆక్షేపణలలో సత్యమున్నవి కూడ కొన్ని కలవు. దాచుట నా పని కాదు. మొదటిది, చౌక లోడ్‌బాక్సులలో అనేకము కేవల నిరోధకములు. 8 ఓముల స్పీకరు అని మనము పిలుచునది నిజముగా అన్ని స్థాయిలలోను 8 ఓములు కాదు. శంకువు తన సహజకంపనమున ఊగు మంద్రస్థానమునొద్ద దాని నిరోధము అనేక రెట్లు పెరుగును, పిదప తగ్గును, తారస్థాయికి పోవుకొలది తీగచుట్ట గుణమువలన మరల ఎక్కును. యాంపు ఈ ఎత్తుపల్లములకు స్పందించును. ఆ స్పందనయే మంద్రములో బరువు, తారములో మెఱుపు. సమతలమైన నిరోధమునకు తగిలించినచో నాదము చప్పబడును. లోడ్‌బాక్సును నిందించువారిలో పెక్కురు విన్నది ఈ చప్పదనమునే. కాని తీగచుట్టలు, కెపాసిటరులు కూర్చి స్పీకరు ఎత్తుపల్లములను అనుకరించు రియాక్టివు లోడ్‌బాక్సులు వచ్చి చాలకాలమైనది. వానిని విని తీర్పు చెప్పవలెను. రెండవది, లోడ్‌బాక్సునుండి వచ్చు సంకేతము స్పీకరు పెట్టెను దాటి రానిది గనుక, ఉన్నదున్నట్లు వినినచో తేనెటీగల రొదవలె గీరుకొనును. ఆ లోటును పూరించుటకు ఒక నిజమైన స్పీకరుపెట్టె మైకుముందు ఎట్లు పలికినదో దాని ముద్రను ఇంపల్స్ రెస్పాన్స్ పేర భద్రపరచి, ఆ ముద్రగుండ సంకేతమును పంపుదురు. ఈ ముద్రలో శంకువు అలసి వణకు స్వల్పవికారములు పట్టుబడవు. స్పీకరు గాలి గిటారు తంత్రులను తాకి స్వరము తనంతట తాను నిలిచి పెరుగు ఆ ఆనందము కూడ హెడ్‌ఫోనులలో దొరకదు. ఇది నష్టమే. ఆ నష్టమును ఒప్పుకొందును. కాని మన వాదము నూటికి నూరుపాళ్ల సామ్యమునకు కాదు. ఆ కొద్దిపాటి శేషమునకై తక్కినదంతయు త్యజింపవలెనను మొండితనమునకు మాత్రమే నేను విరోధిని.

శబ్దబలముననే నాదగౌరవమని మన పూర్వులు తలచినవారు కారు. ఆదిలాబాదునకు పడమట, యాదవరాజుల దేవగిరిలో, 13వ శతాబ్దమున సంగీతరత్నాకరము రచించిన శార్ఙ్గదేవుడు నాదభేదములను లెక్కించునప్పుడు అతిసూక్ష్మమును, సూక్ష్మమును ముందు పేర్కొని పిమ్మటనే పుష్టమునకు వచ్చెను. పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ విద్యుత్ మాండలిన్‌ను చేపట్టినది కర్ణాటక గమకమునకు కావలసినంతసేపు స్వరము నిలుచుటకే. ఆ సాధనమున విద్యుత్తు నాదమును సాగదీయు పనిచేసినది. మన ఆదిలాబాదు అడవులలోనే చూడుడు: గోండుల వంశగాథలను పాడు పర్ధానుల చేతిలోని కిక్రి మూడు తంత్రుల చిన్నవాద్యము. దాని కంఠము చిన్నది. దగ్గర కూర్చున్నవారికి చాలును, దగ్గర కూర్చుండవలెనను మర్యాదను కూడ అదియే నేర్పును. ఒక జాతి పురాణమంతయు ఆ చిన్నకంఠముమీద నిలిచినది.

ఇట్లనుటచే పెద్ద శబ్దమును నేను ద్వేషింతునని యెవరును అనుకొనరాదు. దీపావళి దినములలో గోండుల దండారి పండుగవేళ గుస్సాడీ నర్తకులు నెమలిపింఛపు కిరీటములు దాల్చి ఊరూర తిరుగునప్పుడు, ఆ వాద్యఘోష కొండలను తాకి రావలసినదే. ఒగ్గుకథ నడుమ డోలు విజృంభించినప్పుడు ఊరి చివరికి వినబడవలసినదే. అవి ఊరంతయు పిలిచి, ఊరంతయు మేల్కొని, ఊరంతయు కలసికొను సందర్భములు. ఒక యువకుడు ఒకే పదమును తప్పులు దిద్దుకొనుచు నలువదిమారులు వాయించి రికార్డు చేయుట అట్టి సందర్భము కాదు. పండుగకు చెల్లు మోత సాధనకు చెల్లదు.

మన జిల్లాలలో ఈ విషయము మఱెక్కడను లేనంత తీవ్రమైనది. గోదావరిఖనిలో, మందమర్రిలో, శ్రీరాంపురములో, బెల్లంపల్లిలో సింగరేణి గనులు మూడు షిఫ్టులలో నడచుచున్నవి. రామగుండము థర్మల్ కేంద్రమును అట్లే. రాత్రి షిఫ్టు దిగి వచ్చిన కార్మికుడు పగటివేళ నిద్రించును. కావున ఈ పట్టణములలో ఎవరికో ఒకరికి రాత్రి కాని గడియ ఇరువదినాలుగు గంటలలో ఒక్కటియు లేదు. పగలు కదా, వాయించుకొనవచ్చునను సర్దుబాటు ఇక్కడ పనికిరాదు. భూగర్భమున ఎనిమిది గంటలు పనిచేసి వచ్చినవానికి నిద్ర తప్పినచో మరునాడు గనిలో అతని ప్రాణమునకే ముప్పు. ఒక గోడ నడుమనున్న రెండు క్వార్టర్లలో ఒకవైపు అతడు, మఱొకవైపు గిటారు నేర్చు పిల్లవాడు. ఆ పిల్లవానితో "నిండుగా మ్రోగింపుము, లేనిచో అది నాదము కాదు" అని చెప్పు పెద్దమనుష్యుడు ఏమి చెప్పుచున్నాడో ఆలోచించి చెప్పవలెను. చట్టముకూడ అతని పక్షమున లేదు: 2000 నాటి శబ్దకాలుష్య నియమములు నివాసప్రాంతములకు పగలు 55, రాత్రి 45 డెసిబెళ్లు హద్దుగా నిర్ణయించినవి, 2005 జూలైలో సుప్రీంకోర్టు, తన శబ్దమును వినుమని ఇతరులను నిర్బంధించు హక్కు ఎవనికిని లేదని తీర్పునిచ్చినది.

ఈ హద్దులకు విసిగి పిల్లలు పొరుగువారిమీద తిరుగబడుదురా? తిరుగబడరు, మన పిల్లలకు ఆ మర్యాద కలదు. వారు చేయునది యాంపునకు గుడ్డ కప్పి మూలకు నెట్టుట. అదియే నా ఆవేదన. దుబాయిలోనో మస్కట్టులోనో కష్టించు అన్న పంపిన సొమ్ముతో కొన్న యాంపు, మోత లేనిది నాదము కాదన్న ఒక్కమాటవలన మూలబడును. ఇంటిగదులలోనే జానపదములు రికార్డై లక్షల చెవులకు చేరుచున్న ఈ కాలములో, ఆ పాటల వెనుక వినబడవలసిన గిటారు వినబడకపోవును.

నా అనుభవము ఒకటి చెప్పి ముగింతును. యౌవనమున ఒక పెండ్లి ఆర్కెస్ట్రాలో వాయించు కాలమున, యాంపులు నా వీపునకు మూర దూరమున రాత్రులపర్యంతము మ్రోగెడివి. 85 డెసిబెళ్లను ఎనిమిది గంటలు మించి వినరాదనియు, ప్రతి 3 డెసిబెళ్లకును ఆ గడువు సగమగుననియు, 100 డెసిబెళ్లకు పదునైదు నిమిషములే గడువనియు అమెరికా వృత్తి ఆరోగ్యసంస్థవారి సూచన అప్పుడు మాకెవ్వరికిని తెలియదు. నేడు నా ఎడమచెవిలో కీచురాయి కూయుచున్నట్లు సన్నని స్వరమొకటి నిలువక మ్రోగుచున్నది. ఎంత ప్రశాంతమైన వేకువయందును అది ఆగదు. కనుక హెడ్‌ఫోనులు పెట్టుకొనువారు వానిలోనైనను శబ్దము మితముగా ఉంచుకొనవలెనని చేతులు జోడించి కోరుచున్నాను.

గోదావరి ఈవలి ఒడ్డుననో ఆవలి ఒడ్డుననో ఎవరి యింటనైనను గుడ్డ కప్పిన వాల్వు యాంపు ఉన్నచో, ఆ గుడ్డ తీయుడు. వెనుకవైపు వ్రాసియున్న ఓముల సంఖ్య చదువుకొనుడు. ఆ సంఖ్యకే సరిపోవు, యాంపు వాట్లకంటె ఎక్కువ మోయగల రియాక్టివు లోడ్‌బాక్సును, ఒక్కరికి శక్తి చాలకున్న నలుగురు మిత్రులు కలసి కొనుడు. స్పీకరు తీగతోనే దానిని తగిలింపుడు, తగిలించువఱకు యాంపు స్విచ్చి వేయకుడు. మే నెల ఎండలలో పెట్టెచుట్టు గాలి ఆడునట్లు చోటు విడువుడు, అది నిజముగా కాగును. పిదప వాల్వులు వెచ్చబడనిచ్చి, పక్క క్వార్టరులో రాత్రి షిఫ్టు దిగివచ్చినవాడు నిద్రించుచుండగానే, నాబు పూర్తిగా త్రిప్పి వాయించుడు.